గుర్తు ఏమొచ్చిందిరా?

అమలాపురం గడియార స్తంభం సెంటర్లో ఓ ఫ్లెక్సీ ఉంది. ఎడమ పక్కన కెనడా జెండాలోని మేపుల్ ఆకు, కుడి పక్కన నల్ల కళ్లద్దాలతో కన్సల్టెన్సీ గారు, మధ్యలో అరటికాయంత అక్షరాలతో ‘నామినేషన్ గ్యారంటీ’. ఆ రెండో మాట కనబడితే చాలు, నాకు తిన్నది అరగదు.

మా వీధి కుర్రాడొకడు ఎవరి గ్యారంటీ లేకుండా తనే దరఖాస్తు పెట్టుకుంటే కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రం నుంచి, ‘ఇతను మాకు కావాలి’ అంటూ నామినేషన్ వచ్చింది. ఆ సాయంత్రమే లంక ఊరి నుంచి వాడి మేనమామ అరటి గెలతో, డప్పులవాళ్లతో దిగిపోయాడు. ఆయన మాజీ సర్పంచి. నామినేషన్ అంటే ఆయనకు తెలిసింది ఒకటే.

“గుర్తు ఏమొచ్చిందిరా?”

“గుర్తులుండవు మావయ్యా, పాయింట్లే. 600 కలిశాయి.”

“600 మెజారిటీయే! అవతల ఎవడు నిలబడ్డాడు?”

“ఎవడూ లేడు మావయ్యా.”

“ఆయ్, ఏకగ్రీవం!” అని డప్పులవాళ్లకేసి చెయ్యూపాడు. ఇక వాళ్లనాపడం ఎవరి తరం? ఆ మోతలోనే డిపాజిట్ ఎంత కట్టావని అడిగాడు. కట్టక్కర్లేదు, ఖర్చులకు సరిపడా డబ్బు బ్యాంకులో ఉన్నట్టు చూపించాలన్నాడు వీడు. “చూపిస్తే చాలా? పంచక్కర్లేదా? అదేం దేశంరా!” వాళ్లమ్మ మాత్రం కళ్లొత్తుకుంటోంది. పదో తరగతిలో 600కి 312 తెచ్చుకున్న కొడుక్కి కెనడా వాళ్లు 600కి 600 వేశారని.

నిజానికి ఆ లెక్క 1200కి. అక్కడ క్యూబెక్ రాష్ట్రానిది వేరే దారి; నునావుట్ అనే ప్రాంతానికి ఈ నామినేషన్ పథకం లేదు. మిగతా రాష్ట్రాలు తమకు నర్సు కావాలో వెల్డరో చూసుకుని పేరు పంపుతాయి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే పాయింట్లు చూసి వలసకు పిలిచే వరుసలో, ఉన్నవాడికి దాంతో 600 కలుస్తాయి. పీఆర్, అంటే శాశ్వత నివాసం, ఇచ్చేది మాత్రం రాజధాని ఒట్టావాలోని కేంద్రమే, ఆరోగ్యం, పోలీసు కాగితం అన్నీ చూశాక. ఆ రాష్ట్రంలోనే కాపురముంటానని మనం మాటివ్వాలి. మైనస్ 30 చలిలో ఉంటానని మాటిచ్చిన ఈ మహానుభావుడు, నిరుడు రాజోలులో ఉద్యోగమొస్తే మరీ పల్లెటూరని మానేశాడు.

వీడి సంగతి సరే. పక్కూళ్లో ఒకాయన ఎకరం కొబ్బరితోట తాకట్టు పెట్టి ఆ కళ్లద్దాల చేతిలో 12 లక్షలు పోశాడు, కొడుక్కి కెనడా జాబ్ ఆఫర్ లెటర్ కోసం. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఆఫర్ పాయింట్లు 2025 మార్చి 25న ఎత్తేశారు. 2024లో 1,10,000 ఉన్న నామినీల లక్ష్యాన్ని ఆ ఏడాది 55,000కి కోసేశారు. ఇవన్నీ ఫ్లెక్సీలో ఎందుకుంటాయి? లెటర్ దొంగదని తేలింది. ఆ కొడుక్కి అయిదేళ్ల నిషేధం. ఒరే కళ్లద్దాలూ, ఆఫర్ అమ్మడమే అక్కడ నేరంరా! కాయ దింపుకు వంద రూపాయలు ఎక్కువడిగితే గుండె పట్టుకునే మనిషి దగ్గర 12 లక్షలు లెక్కపెట్టుకునేటప్పుడు నీ చేతులు వణకలేదా? అడగడానికి వెళితే ‘సార్ మీటింగులో ఉన్నారు’. మూడు నెలలుగా అదే మీటింగు.

మొన్న మావయ్యతో కలిసి మళ్లీ ఆ సెంటర్ దాటాను. ఫ్లెక్సీ కొత్తది. ‘ఆస్ట్రేలియా రీజినల్ 491, గ్యారంటీ’. 491 అంటే అక్కడి ప్రాంతీయ వీసా నంబరు. నామినేషన్‌కి అక్కడ కలిసేది 15 పాయింట్లే, వీసా కూడా అయిదేళ్లకే. మూడేళ్లు అక్కడ గడిపాకే పీఆర్‌కి అడగాలి. ఆకు పోయి కంగారూ వచ్చింది. కళ్లద్దాలు అవే.

మావయ్య ఆగి, తలెత్తి చూశాడు.

“గుర్తు మారిందేంట్రా, పార్టీ ఫిరాయించాడా?”