బరువు తగ్గాలంటే చప్పిడి కూడే తినాలా?

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. ‘బరువు తగ్గాలంటే నోరు కట్టుకోవాల్సిందే. నూనె చుక్క వద్దు, అన్నం ముట్టొద్దు, జొన్నరొట్టె ఎన్నైనా తినొచ్చు. రుచిగా ఉంటే ఎక్కువ తినేస్తారు. ఉడకబెట్టిన కూరలు 21 రోజులు తింటే అదే అలవాటవుతుంది’ అని. ఇది నమ్మి సోమవారం మొదలుపెట్టినవాళ్లు శనివారం రాత్రికి బిర్యానీ ఆర్డర్ పెడుతుంటే, తప్పు వాళ్ల మనోబలానిది కాదు, ఆ సలహాది.

‘నూనె చుక్క వద్దు’

చిన్న చెంచా నూనె, అంటే 5 మి.లీ., సుమారు 40 కేలరీలు. నలుగురి కూరకు రెండు చెంచాలు వేస్తే మనిషికి 20. ఒళ్లు పెంచేది కొలత లేకుండా సీసా వంచి పోసే నూనె. పైగా ఆకుకూరల్లోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు ఉండాలి.

రెండు చెంచాలతో దొండకాయ వేపుడు అవుతుందా? బ్రహ్మాండంగా అవుతుంది. అరకిలో కాయలు పల్చటి చక్రాలుగా తరిగి, ఆవిరి మీద ఆరు నిమిషాలు ఉంచి, బట్ట మీద పరిచి తడి ఆరనివ్వండి. వెడల్పాటి ఇనుప మూకుడు బాగా కాగాక ఒక చెంచా నూనె, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు. సగం ముక్కలే ఒక వరసగా పరిచి మూడు నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేసి, తర్వాత తిప్పండి. మిగతా సగం, రెండో చెంచా నూనెతో రెండో వాయి. అన్నీ ఒకేసారి కుమ్మరించినా, మూత పెట్టినా, ఉప్పు ముందే చల్లినా ముక్కలు నీరు వదిలి మెత్తబడతాయి. వేగడం లేదని ఇంకాస్త నూనె పోసేది సరిగ్గా అక్కడే. ఉప్పు, రెండు పెద్ద చెంచాల పల్లీ కారం దించే ముందు.

‘అన్నం వద్దు, జొన్నరొట్టె ఎన్నైనా’

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలు చూడండి. వంద గ్రాముల బియ్యమైనా జొన్నలైనా కేలరీలు 330–360 మధ్యే. తేడా పీచులో: జొన్నల్లో దాదాపు 10 గ్రాములు, తెల్లబియ్యంలో 3 లోపు. అందుకే జొన్నరొట్టెతో కడుపు నిండుతుంది, కానీ ‘ఎన్నైనా’ కుదరదు. కప్పు అన్నం సుమారు 200 కేలరీలు. కంచంలో ముందు కూర, పప్పు పెట్టుకుని, మిగిలిన చోట అన్నం వడ్డించుకోండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా అన్నం ఆపేయొద్దు, షుగర్ పడిపోవచ్చు.

‘రుచిగా ఉంటే ఎక్కువ తింటారు’

2019లో అమెరికాలో పోషకాహార పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంటి తరహా వంట పెట్టింది. రెండూ ఇంచుమించు ఒకేలా నచ్చాయన్నారు. అయినా ఫ్యాక్టరీ తిండి తిన్నప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ లోపలికి వెళ్లాయి. మరి దోషం రుచిదెలా అవుతుంది?

‘21 రోజుల్లో అలవాటవుతుంది’

ఇందులో కొంత నిజముంది. ఉప్పు మెల్లగా తగ్గిస్తే కొన్ని వారాల్లో నాలుక సర్దుకుంటుంది. ఒక్కసారిగా మానేస్తేనే విరక్తి పుడుతుంది. మొదట పావు వంతు తగ్గించి, ఆ లోటు నిమ్మరసం, చింతపండు, మామిడి తురుముతో పూడ్చండి. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు ఉప్పు చాలు. ఆవకాయ, అప్పడం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఆవకాయ వేసుకున్న పూట కూరలో ఉప్పు తగ్గించండి.