మాల తీసిన మర్నాడు మందు ఎందుకు గుర్తొస్తుంది?

కార్తీకం వచ్చిందంటే మా వీధిలో కొందరు మగవాళ్లు మారిపోతారు. ఏడాది పొడవునా సాయంత్రమైతే వైన్ షాపు దగ్గర తేలేవాళ్లు మాల వేసుకుని, తెల్లవారుజామునే చన్నీళ్ల స్నానం చేసి పూజలో కూర్చుంటారు. 41 రోజులు చుక్క ముట్టరు. ఇంట్లో ఆడవాళ్లు ఆ 41 రాత్రులూ నిశ్చింతగా నిద్రపోతారు. మా బాబాయి అలా ఏడుసార్లు మాల వేశాడు. ఏడుసార్లూ మాల తీసిన వారంలోపే మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన భక్తిలో లోపం ఉందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఒకసారి కూతురి తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించారు. అది తప్పిన రాత్రి రోజూ కంటే ఎక్కువ తాగాడు, తప్పానన్న సిగ్గు భరించలేక. ఒట్టు, మొక్కు, దీక్ష, పెద్దమనుషుల్లో పంచాయితీ. మన ఇళ్లలో తాగుడు మాన్పించడానికి చేసేవి ఇవే. అన్నింట్లోనూ తాగేవాడు ఎవరికో ఒకరికి మాట ఇస్తాడు. తాగాలనిపించిన ఆ నిమిషంలో ఏం చేయాలో అతనికి ఎవరూ నేర్పరు.

బౌద్ధం పనికొచ్చేది సరిగ్గా అక్కడేనని నా నమ్మకం. బౌద్ధ గృహస్థులు పాటించే ఐదు నియమాలు పంచశీల. అందులో ఐదోది, మద్యానికి దూరంగా ఉంటానన్నది, పాళీలో ఇలా ఉంటుంది: ‘సురామేరయ మజ్జ పమాదట్ఠానా వేరమణీ సిక్ఖాపదం సమాదియామి’. సిక్ఖాపదం అంటే అభ్యాసం చేయవలసిన నియమం. సమాదియామి అంటే స్వీకరిస్తున్నాను. తప్పితే దేవుడు శిక్షిస్తాడన్న బెదిరింపు ఇందులో లేదు. తప్పినవాడు మళ్లీ స్వీకరించవచ్చు. శ్రీలంకలో, థాయ్‌లాండ్‌లో గృహస్థులు ఇదే పంచశీలను జీవితమంతా మళ్లీ మళ్లీ తీసుకుంటూనే ఉంటారు. పమాదం అన్న మాట కూడా చూడండి. మనం ప్రమాదం అనగానే యాక్సిడెంట్ అనుకుంటాం గానీ దాని అసలు అర్థం ఏమరుపాటు. మద్యం మనిషిని ఏమరుపాటులోకి నెడుతుంది కాబట్టి దాన్ని వదలమన్నారు. దానికి విరుగుడు ఎరుక.

ఎరుక అనగానే అదేదో గాల్లో మాటలా వినిపిస్తుంది. కానీ బౌద్ధులు చెప్పే కార్యకారణాల గొలుసులో దానికి ఒక చోటుంది. స్పర్శ వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ, తృష్ణ వల్ల ఉపాదానం, అంటే పట్టుకుని వదలకపోవడం. వేదన అంటే ఇక్కడ బాధ ఒక్కటే కాదు. ఒంటికీ మనసుకూ తగిలే ఏ అనుభూతైనా వేదనే. సాయంత్రం ఆరున్నరకి డ్యూటీ దిగిన మనిషిని ఊహించుకోండి. ఓనర్ తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. వైన్ షాపు బోర్డు కళ్లబడింది. నోరూరింది, ఛాతీ బిగుసుకుంది. అది వేదన. ‘ఒక్క క్వార్టర్ పడితే గానీ ఈ టెన్షన్ పోదు’ అన్న ఆలోచన తృష్ణ. అప్పటికే కాళ్లు అటు తిరిగాయి. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది కాబట్టి అతనికి ఒకే సంఘటనలా అనిపిస్తుంది. ఛాతీ బిగుసుకోవడాన్ని ఛాతీ బిగుసుకోవడంగానే గమనించగలిగితే, అక్కడ కాస్త ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలో అతను ఇంటికి వెళ్లే ఆటో ఎక్కగలడు.

అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లాట్ దీన్ని అలతో పోల్చాడు. తాగాలన్న కోరిక అలలా లేస్తుంది, పెరుగుతుంది, విరిగిపోతుంది. దానితో పోట్లాడకుండా, దాని వెంట కొట్టుకుపోకుండా చూస్తూ ఉండటం నేర్పాలన్నాడు. ఆయనా ఆయన సహచరులూ తయారుచేసిన ధ్యాన పద్ధతిని 286 మంది మీద పరీక్షించారు. ఫలితాలు 2014లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఏడాది తర్వాత చూస్తే, మామూలు చికిత్స పొందినవాళ్ల కంటే ఈ ధ్యాన పద్ధతి నేర్చుకున్నవాళ్లు విపరీతంగా తాగిన రోజులు తక్కువ. అందరూ పూర్తిగా మానేశారని కాదు. అయినా ఈ రోగంలో తగ్గిన ప్రతి రోజూ ఒక కుటుంబానికి దక్కిన రోజే.

బౌద్ధులందరిదీ ఒకే దారి కాదు. థాయ్‌లాండ్‌లోని సరబురిలో థామ్‌క్రబోక్ అనే ఆరామం ఉంది. నల్లమందుకు బానిసలైనవాళ్లకు 1959 నుంచి అక్కడ భిక్షువులే చికిత్స చేస్తున్నారు. వాంతులు చేయించే మూలికల మందు తాగిస్తారు, సత్యప్రతిజ్ఞ చేయిస్తారు. అప్పటి ఆరామాధిపతి ఫ్రా చమ్రూన్‌కు 1975లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్ల సేవ పట్ల నాకు గౌరవం ఉంది. కానీ ప్రతిజ్ఞ మీద అంత బరువు పెట్టే పద్ధతి, ఇప్పటికే ఒట్లతో అలిసిపోయిన మన ఇళ్లకు సరిపడదనుకుంటాను.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకవచ్చు, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించి, వినిపించి ప్రాణం మీదికీ రావచ్చు. మాల కోసం ఆపినా, ధ్యానం కోసం ఆపినా ఒళ్లు ఒకటే. ముందు డాక్టరు పర్యవేక్షణ, మందులు, బి1 విటమిన్. ఆ తర్వాతే ధ్యానం. వణుకుతున్న మనిషిని పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరంలో దింపి రావడం ఆ మనిషికీ శిబిరానికీ అన్యాయం.

ధ్యానం ఒక్కటే చాలదు కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది తాగుతారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు వాళ్లు మగవాళ్లకు మనోనిగ్రహం బోధించలేదు, సారాను ఊళ్లోంచి వెళ్లగొట్టారు. ఆ బాధ్యత ప్రభుత్వానికి ఇప్పటికీ ఉంది.

మనిషికి తోడు కూడా కావాలి. మంచి స్నేహం ధర్మజీవితంలో సగం కదా అని శిష్యుడు ఆనందుడు అడిగితే, సగం కాదు, మొత్తం అదేనని బుద్ధుడు చెప్పినట్టు ఆయన బోధనల సంకలనమైన సంయుత్త నికాయంలో ఉంది. వ్యసనం నుంచి బయటపడాలనుకునేవాళ్ల కోసం అమెరికాలో 2019లో మొదలైన రికవరీ ధర్మ బృందాలు నడిచేది ఈ సూత్రం మీదే. గురువు ఉండడు, దేవుణ్ణి నమ్మాలన్న షరతు లేదు. కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంటారు, తర్వాత ఒకరి మాట ఒకరు వింటారు.

మన ఊళ్లలో బుద్ధ విహారాలు ఉన్నాయి. అంబేద్కర్ 1956లో నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించినవాళ్లతో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టనన్నది ఒకటి. చాలాచోట్ల జయంతులకూ వర్ధంతులకూ పంచశీల చదివి తలుపులు వేసేస్తారు. వారంలో ఒక్క సాయంత్రం, వైన్ షాపు రద్దీగా ఉండే ఆ ఆరున్నరకే తలుపులు తీసి, నాలుగు చాపలు పరిచి, నిన్న తాగినవాణ్ణి కూడా కూర్చోనివ్వమని విహారాల పెద్దలను అడుగుతున్నాను. మా బాబాయి తనంతట తాను రాకపోవచ్చు. ఆయన్ను వెంటబెట్టుకుని నేను వస్తాను.