ఫోన్ లేటుగా మోగితే ట్యాపింగ్ కాదు, ఆ *401* మాత్రం కొట్టకండి

"అవతలివాళ్లకు రెండు మూడు రింగులు వినిపించాక మీ ఫోన్ మోగుతోందా? ట్యాప్ అయినట్టే. *401* కొట్టి ఈ నంబరు కలపండి, లైన్ సేఫ్. ర్యామ్ క్లీన్ చెయ్యండి, 5జీ ఆపండి." ఏ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. దయచేసి ఇక పంపకండి.

ట్యాపింగ్ జరిగేది కంపెనీ నెట్‌వర్క్‌లో. దానివల్ల మీ రింగు ఆగదు, ఫోన్‌కు తెలియను కూడా తెలియదు. ఆలస్యం వేరేచోట ఉంది. వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం) ఆఫ్‌లో ఉంటే కాల్ రాగానే ఫోన్ 4జీ వదిలి 2జీకో 3జీకో దిగాలి, అక్కడే కొన్ని సెకన్లు పోతాయి. సిమ్ సెట్టింగ్స్‌లో వోల్టీ ఆన్ చెయ్యండి. ఇక "మోగుతున్నాను" అని ఫోన్ నెట్‌వర్క్‌కు కబురు పంపాక కూడా, కాలర్ పేరు చూపించే యాప్ ఉంటే ఆండ్రాయిడ్ దాని జవాబు కోసం 5 సెకన్ల దాకా ఆగుతుంది. అవతల ట్రింగ్ ట్రింగ్, ఇక్కడ నిశ్శబ్దం! డీఫాల్ట్ యాప్స్‌లో కాలర్ ఐడీ, స్పామ్ దగ్గర "ఏదీ వద్దు" పెట్టి చూడండి. రింగ్‌టోన్ మెల్లగా మొదలై పెరిగే ఆప్షన్ ఉంటే అదీ తీసెయ్యండి.

అసలు కోపం ఆ కోడ్ మీద. *401* తరవాత పది అంకెలు కొడితే మీ కాల్స్ అన్నీ ఆ నంబరుకు ఫార్వర్డ్ అవుతాయి. ఇందులో సేఫ్ ఏముంది? ఆ నంబరు పెట్టిన మోసగాడు తన ఫోన్లో మీ నంబరుతో వాట్సాప్ తెరిచి, ఓటీపీ కాల్ ద్వారా కావాలంటాడు. ఆ కాల్ వాడికే పోతుంది. మీ ఫోన్ మోగదు, మీ అకౌంట్ ఉండదు. ఇలాంటి మోసాల వల్లే 2024 ఏప్రిల్ 15 నుంచి కోడ్‌తో కాల్ ఫార్వర్డింగ్ ఆపమని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. *21* తో మొదలయ్యేదీ ఇలాంటిదే. మీ అమ్మానాన్నల ఫోన్లకు ఇది పంపేముందు ఒక్క నిమిషం ఆలోచించలేరా?

ఇప్పటికే కొట్టేశారా? ##002# కొడితే ఫార్వర్డింగులన్నీ రద్దవుతాయి. *#21# తో సరిచూసుకోండి. ఫోన్ అందనప్పుడు కాల్స్ ఎటు పోతాయో చూపించే *#62# లో తెలియని నంబరు కనిపిస్తే కంగారొద్దు, చాలాసార్లు అది కంపెనీ మిస్డ్ కాల్ అలర్ట్‌ది. డబ్బు పోతే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చెయ్యండి.

ర్యామ్‌కూ దీనికీ సంబంధం లేదు.

5జీ మాట మాత్రం కొంత నిజమే. వాయిస్ 5జీ మీద నడవని చోట, 5జీలో ఉన్న ఫోన్ కాల్ కోసం 4జీకి దిగాల్సి రావచ్చు. అక్కడ సిగ్నల్ కూడా ఊగుతుంటే, నెట్‌వర్క్ టైప్‌లో 4జీ పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.