లేని విగ్రహానికి కోటి దండాలు

గ్రీసు దేశపు దీవుల్లో చారిత్రక స్థలాలు చూడదలచినవారికి నేను నిస్సంకోచంగా సిఫారసు చేసేది రోడ్స్ దీవినే. ఇందుకు నాకున్న కారణం ఒక్కటే: ఆ దీవిలో అన్నింటికంటే పేరుపడ్డ దర్శనీయ స్థలం అక్కడ లేదు. క్రీస్తుపూర్వం 226లో వచ్చిన భూకంపానికి మోకాళ్ల దగ్గర విరిగి కూలిపోయిన సూర్యదేవుడు హీలియోస్ కంచు విగ్రహం, అనగా లోకమంతా కొలోసస్ అని పిలుచుకునే ఆ మహావిగ్రహం, నేటికీ రోడ్స్ పర్యాటకానికి పెట్టని కోట. లేని వస్తువును చూడటానికి టికెట్టు కొననక్కర్లేదు, ఎండలో వరుస కట్టనక్కర్లేదు. మరమ్మతుల పేరు చెప్పి దానికి ఎవరూ పరదాలు కట్టరు. చూసి వచ్చినవాడిని "అంత గొప్పగా ఏమీ లేదట గదా" అని ఇరుగుపొరుగువారు దెప్పే వీలు కూడా లేదు.

అసలు ఆ విగ్రహం పుట్టుకలోనే ఒక మహత్తర ఆర్థిక సూత్రం దాగి ఉన్నది. క్రీ.పూ. 305లో డిమిట్రియస్ అనే మాసిడోనియా యువరాజు నలభై వేల సైన్యంతో, తొమ్మిది అంతస్తుల చక్రాల బురుజుతో రోడ్స్ నగరం మీదికి వచ్చాడు. 'పురాలను ముట్టడించేవాడు' అని ఆయనకు బిరుదు. ముట్టడించేవాడన్నారే గాని పట్టుకునేవాడని ఎవరూ అనలేదు కనుక బిరుదులో తప్పు లేదు. ఏడాదిపాటు గోడలను గుద్ది గుద్ది, విసిగి, సంధి చేసుకుని, సామగ్రినంతా అక్కడే వదిలి వెళ్లిపోయాడు. రోడ్స్ ప్రజలు ఆ సామాన్లను అమ్మేశారు. అందుమీద 300 టాలెంట్లు (అది ఆ కాలపు డబ్బు లెక్క) వచ్చాయనీ, ఆ డబ్బుతో లిండోస్ ఊరి శిల్పి కారెస్ 12 ఏళ్లు శ్రమపడి 70 మూరల విగ్రహం నిలిపాడనీ రోమన్ రచయిత ప్లీనీ రాసిపెట్టాడు. శత్రువు ఖర్చుతో ఇలవేల్పుకు విగ్రహం కట్టించుకున్న ఇంతటి పొదుపరులు చరిత్రలో అరుదు.

ఆ వేల్పు నిలబడింది యాభై ఏళ్ల పైచిలుకు, పడుకున్నది దాదాపు తొమ్మిది వందల ఏళ్లు. పడి ఉన్న విగ్రహపు బొటనవేలిని రెండు చేతులతో చుట్టి పట్టుకోగలిగేవాళ్లు కొద్దిమందేనని ప్లీనీ అంటాడు. అంటే లోకపు ఏడు వింతల్లో ఒకదాన్ని చూశామని చెప్పుకున్న ప్రాచీన యాత్రికుల్లో అత్యధికులు చూసింది దాని తునకలనే. పడినదానిని లేపడానికి సాయం రాలేదా అంటే, రాకేం! ఈజిప్టు రాజు మూడో టాలమీ ప్రత్యేకంగా విగ్రహం కోసమే 3,000 టాలెంట్లు ఇస్తానన్నాడు. తక్కిన రాజులు వెండి, కలప, ధాన్యం పంపారు. అయితే విగ్రహాన్ని తిరిగి నిలపరాదని దైవవాణి పలికిందని రోడ్స్ పెద్దలు విన్నవించుకున్నారు. విరాళాలు పుచ్చుకోరాదని కూడా ఆ వాణి పలికినట్టు నేను ఎక్కడా చదవలేదు.

చివరకు క్రీ.శ. 7వ శతాబ్దం నడుమ అరబ్బు సేనలు దీవిని పట్టుకుని, ఆ కంచును ఎడెస్సా నగరపు వర్తకుడొకడికి అమ్మారనీ, అతడు దానిని 900 ఒంటెల మీద మోయించుకుపోయాడనీ ఒక బైజాంటియన్ చరిత్రకారుడు రాశాడు. ఆ ఒంటెలను ఆయన లెక్కపెట్టింది అవి వెళ్లిపోయిన నూటయాభై ఏళ్లకు కాబట్టి, ఒకటి అరా అటూ ఇటూ అయి ఉండవచ్చు. కథలోని న్యాయం మాత్రం నాకు నచ్చింది: పాతసామాన్లు అమ్మిన డబ్బుతో పుట్టిన అద్భుతం పాతసామాను కిందనే పోయింది.

పోయిన తరువాత విగ్రహం మరింత పెరిగింది. చచ్చిన గేదె కుండెడు పాలిచ్చేదని మనవాళ్లు ఊరికే అనలేదు. బతికున్నంత కాలం ఎక్కడో ఒకచోట బుద్ధిగా నిలబడ్డ సూర్యుడు, మధ్యయుగాల నాటి యాత్రికుల నోళ్లలో పడేసరికి, రేవు ముఖద్వారానికి ఇటొక కాలు అటొక కాలు వేసి, కాళ్ల సందు నుంచి ఓడలను రానిచ్చే ద్వారపాలకుడయ్యాడు. అంత ఎడంగా కాళ్లు చాచిన కంచు విగ్రహం తన బరువుకు తానే నిలవలేదనీ, కట్టినన్నాళ్లూ రేవును మూసుకోవలసి వచ్చేదనీ, అది కూలితే నీళ్లలో పడాలి గాని వందల ఏళ్లపాటు నేల మీద ఎలా పడి ఉంటుందనీ తెలిసినవాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. అయినా రోడ్స్ దుకాణాల్లో ఫ్రిజ్ తలుపుకు అంటించుకునే బిళ్లల మీద, టీకప్పుల మీద, తువ్వాళ్ల మీద ఆయన కాళ్లు ఒక్క అంగుళమైనా దగ్గరికి రాలేదు.

ప్రస్తుతం మాండ్రాకి రేవు ముఖద్వారంలో ఆ రెండు పాదాలకు బదులుగా రెండు స్తంభాలూ, వాటి మీద ఒక మగ జింకా, ఒక ఆడ జింకా ఉన్నాయి. ఇటలీవాళ్లు ఏలిన రోజుల్లో ఒక స్తంభం మీద రోము తోడేలు ఉండేది, యుద్ధం తరువాత దాని ఉద్యోగం ఆడ జింకకు వచ్చింది. నేను వెళ్లిన సాయంత్రం అక్కడ ఒక పెద్దమనిషి కాళ్లు బారచాచి, ఒక చెయ్యి పైకెత్తి, దివిటీ ఉండవలసిన చోట ఐస్‌క్రీం పట్టుకుని నిలుచున్నాడు. ఆయన ఇల్లాలు ఆయన కాళ్ల మధ్య నుంచి రెండు జింకలూ ఒకేసారి కనబడేలా ఫోటో తీయడానికి ఆ రాతి గట్టు మీద బోర్లా పడుకుంది. ఐస్‌క్రీం కరిగి మోచేతి దాకా కారుతున్నా ఆయన చలించలేదు. యాభై ఏళ్లకే కూలిన కంచు కంటే ఆయన దృఢంగా కనిపించాడని చెప్పడం నా ధర్మం.

లేనిది ఇంత వైభవంగా ఉండగా, ఉన్నవాటి సంగతి కూడా కొంత విచారించాలి. పాత నగరంలో క్రైస్తవ యోధుల అధిపతి కోట ఉన్నది. సెయింట్ జాన్ సంఘపు యోధులు 14వ శతాబ్దం నుంచి సులేమాన్ సుల్తాను తరిమేసిన 1522 దాకా అక్కడి నుంచే దీవిని ఏలారు. 1856లో పక్కనున్న చర్చి నేలమాళిగల్లో అందరూ మరచిపోయిన మందుగుండు పేలి ఆ కోట చాలావరకు నేలమట్టమైంది. ఇప్పుడు మనం నోరు తెరుచుకుని చూసే మధ్యయుగపు కోటను ఇటలీవాళ్లు 1937-40 నడుమ తమ రాజుగారికీ ముస్సోలినీగారికీ వేసవి విడిదిగా కట్టారు, అంటే మన తాతల వయసుది. నేల మీద రంగురాళ్లు పొదిగిన ప్రాచీన చిత్రాలు పక్కనున్న కోస్ దీవి నుంచి పెకలించి తెచ్చినవి. రోడ్స్ శిల్పులు ముగ్గురు చెక్కిన సుప్రసిద్ధ లావోకూన్ శిల్పం పోప్‌గారి వాటికన్‌లో ఉన్నది. వెరసి కొత్త గోడలు, పొరుగూరి నేల, పరదేశంలో శిల్పం. ఇంతకంటే ప్రామాణికమైన మధ్యయుగం యూరప్‌లో మరెక్కడ దొరుకుతుందో నాకు తెలియదు.

సీతాకోకచిలుకల లోయ అని మరొకటి ఉంది. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఆ లోయలో సీతాకోకచిలుకలు అంతే: అక్కడి చెట్ల మానులకు వేసవిలో వేలుగా అంటుకుని ఉండేవి చిమ్మటలు. ముడుచుకుంటే చారల గోధుమరంగు, ఎగిరితే ఎర్రటి ఎరుపు. ఆ ఎరుపు కోసం యాత్రికులు చప్పట్లు కొట్టి, ఈలలు వేసి వాటిని లేపేవారు. పాపం, అవి ఆ రోజుల్లో మేత మేయవు, ఉన్న కొద్ది శక్తినీ సంతానం కోసం దాచుకుంటాయి. చప్పట్లకు ఎగిరి ఎగిరి అలసి, వాటి సంఖ్య తగ్గిపోయింది. ఇప్పుడు చప్పట్లు నిషిద్ధం. మరికొన్నాళ్లు ఇదే ప్రేమ చూపి ఉంటే అవీ కొలోసస్ హోదా పొంది, మరింత ప్రసిద్ధికెక్కేవి.

ఒక్కచోట మాత్రం నా సిద్ధాంతం పనిచేయలేదు. పాత నగరంలోనే సముద్రాశ్వాల ఫౌంటెన్ ఉన్న చౌకు ఒకటుంది. 1944 జులైలో ఆ పేట యూదులను సుమారు 1,700 మందిని నాజీలు తమ మరణ శిబిరం ఆష్విట్జ్‌కు తరలించారు, తిరిగి వచ్చినవారు నూటయాభై మంది. దగ్గరలోనే 1577 నాటి ప్రార్థనాలయం ఉంది. అక్కడా లేనివాళ్లే చూడవలసినవాళ్లు. అయితే వారి బొమ్మలతో బిళ్లలు లేవు, చాలామంది ఫౌంటెన్ ఫోటో తీసుకుని భోజనానికి వెళ్లిపోతారు.

ఇక లిండోస్. అక్కడి కొండ మీద ఎథీనా దేవి గుడి ఉన్నది. ఎక్కలేనివారి కోసం కింద గాడిదలు ఉన్నాయి. గాడిద మీద 100 కిలోలకు, లేదా దాని బరువులో ఐదో వంతుకు మించి మోపరాదని గ్రీసు ప్రభుత్వం 2018లో ఉత్తర్వు ఇచ్చింది. బంగాళాదుంప వేపుళ్లతో సుష్టుగా భోంచేసి వచ్చిన యాత్రికుడికి ఈ సంగతి గాడిద చూపును బట్టి తెలుస్తుంది. కొండ మీది గుడిని కూడా ఇటలీవాళ్లు సిమెంటు కాంక్రీటుతో బాగు చేశారు. లోపలి ఇనుము తుప్పుపట్టి రాయిని పగులగొడితే, తరువాతివాళ్లు ఆ బాగును బాగుచేయవలసి వచ్చింది.

గుడికి పోయే మెట్ల దగ్గర కొండరాతిలోనే చెక్కిన ఒక నౌక వెనుకభాగం ఉంది. క్రీ.పూ. 180 ప్రాంతంలో పైథోక్రిటోస్ అనే శిల్పి చెక్కింది. హగేసాండ్రోస్ అనే పెద్దమనిషిని గౌరవించి ఆ నౌక మీద ఆయన విగ్రహం నిలిపారు. విగ్రహం షరా మామూలుగా లేదు. నౌక మాత్రం ఉంది, తెడ్డుతో సహా, చెక్కినచోటనే, ఎవరూ తేలేదు, తిరిగి కట్టలేదు. కొండను మోసే ఒంటెలు దొరకలేదు కాబోలు. నేను ఉన్న అరగంటలో దానికి చేరబడి ముగ్గురు చెప్పుల్లో ఇసుక దులుపుకున్నారు. నాలుగో ఆయన ఫోన్‌లో పటం తెరిచి, కొలోసస్‌కు ఇటే వెళ్లాలా అని నన్ను అడిగాడు.