పనయ్యాక పుచ్చుకుంటే కానుక

అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్ 26న లంచానికి ముహూర్తం పెట్టింది. ముందే మాట్లాడుకుని పుచ్చుకుంటే లంచం. ఏ ఒప్పందమూ లేకుండా పనయ్యాక పుచ్చుకుంటే కృతజ్ఞత. ఊరి, రాష్ట్ర అధికారులు అందుకునే ఈ కృతజ్ఞత జోలికి ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, లంచాల చట్టం రాదట. కావాలంటే ఆయా రాష్ట్రాలు, ఊళ్లే చూసుకోవాలట.

కథానాయకుడు ఇండియానా రాష్ట్రంలోని పోర్టేజ్ ఊరికి అప్పటి మేయర్ జేమ్స్ స్నైడర్. 2013లో ఆ ఊరికి చెత్త లారీలు కావలసి వచ్చాయి. సుమారు 11 లక్షల డాలర్ల కాంట్రాక్టులు ఒక లారీల కంపెనీకి దక్కాయి. 2014లో మేయర్ గారు ఆ కంపెనీకి వెళ్లి, డబ్బు అవసరం పడింది అన్నారు. అడిగింది 15 వేలు, చేతికొచ్చింది 13 వేలు. కృతజ్ఞతలో కూడా బేరమాడారు మహానుభావులు! ఇదేమిటయ్యా అంటే, నేనిచ్చిన సలహాలకు ఫీజు అన్నారాయన. జ్యూరీ నమ్మలేదు. 21 నెలల జైలు శిక్ష పడింది.

సుప్రీంకోర్టు 6-3తో ఆ తీర్పును పక్కన పెట్టింది. మెజారిటీ తరఫున తీర్పు రాసిన జస్టిస్ కావనాకు పట్టుకున్న బెంగ వేరు. చెత్త ఎత్తే మనిషికి ఎవరైనా వంద డాలర్ల డంకిన్ డోనట్స్ గిఫ్ట్ కార్డు ఇస్తే తప్పా? టర్మ్ అయ్యాక పిల్లలు ప్రొఫెసర్‌ను చిపోట్లే హోటల్‌కి తీసుకెళ్లొచ్చా? పాపం, ఎంత దయ! చెత్త ఎత్తే మనిషిని కాపాడతానని బయల్దేరి, చెత్త లారీలు కొన్న మేయర్‌ను కాపాడి వచ్చారు.

ఇక మీదట ఆఫీసుల్లో మర్యాదలు ఎలా ఉంటాయో చూడండి. కాంట్రాక్టరు కవరు తీస్తాడు. అధికారి ఉలిక్కిపడతాడు. "ఛీ ఛీ, టెండరు ఇంకా తెరవలేదు, లోపల పెట్టు. నన్ను జైలుకు పంపుతావా?" "అయితే తర్వాత ఇస్తాను సార్." "అయ్యో, ఆ మాటా అనకు! అంటే ఒప్పందమైపోతుంది. నువ్వేమీ అనలేదు, నేనేమీ వినలేదు." టెండరు ఖరారవుతుంది. బిల్లు పాసవుతుంది. అప్పుడు కాంట్రాక్టరు గుండె ఉన్నట్టుండి కృతజ్ఞతతో పొంగుతుంది. అది సరిగ్గా ఎంత పొంగాలో ఇద్దరికీ తెలుసు, అది వేరే సంగతి. "ఎందుకండీ ఇవన్నీ," అంటూ అధికారి మొహమాటంగా సొరుగు తెరుస్తాడు.

ఇంతకీ చట్టంలో ఏముంది? ప్రభావితమయ్యే ఉద్దేశంతో గానీ, ప్రతిఫలం పొందే ఉద్దేశంతో గానీ అవినీతిగా పుచ్చుకోవడం నేరమని ఉంది. ప్రతిఫలమనేది పని చేశాకే కదా ముట్టేది! జస్టిస్ జాక్సన్ తన అసమ్మతి తీర్పులో సరిగ్గా ఇదే అడిగారు, ఇంత అసంబద్ధమైన భాష్యాన్ని నేటి ఈ కోర్టు తప్ప ఎవరూ ముద్దు చేయరని కూడా రాశారు. చట్టంలో ఉన్న ప్రతి మాటకూ విలువ ఇవ్వాలని దేశానికంతా పాఠాలు చెప్పే పెద్దలే ఈ ఒక్క మాట దగ్గరికొచ్చేసరికి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

నవ్వు ఇక్కడితో సరి. 2003లో ఇదే కోర్టు ముందుకు కాలిఫోర్నియా నుంచి ఒకడు వచ్చాడు. రెండు దుకాణాల్లో తొమ్మిది వీడియో క్యాసెట్లు దొంగిలించాడు, మొత్తం విలువ 154 డాలర్ల లోపు. పాత దొంగతనాలున్నాయని, పాత నేరస్థులు మళ్లీ దొరికితే శిక్ష పెంచే మూడు దెబ్బల చట్టం కింద 50 ఏళ్లు గడిస్తే గానీ పెరోల్ మాటే ఎత్తడానికి వీల్లేని యావజ్జీవం వేశారు. క్యాసెట్లకు యాభై ఏళ్లు! అప్పుడేమైంది ఈ దయ? ఏ జడ్జీ గిఫ్ట్ కార్డుల ఉదాహరణలు తేలేదు, ఏ మాటనూ వాడి కోసం సాగదీయలేదు. 5-4తో ఆ శిక్షను అలాగే ఉంచారు.

కోటీశ్వర మిత్రుడి విమానంలో, విహారనౌకలో ఇండొనేషియా తిరిగొచ్చి, 2023లో పత్రికలవాళ్లు బయటపెట్టేదాకా ఆ ఊసెత్తని జస్టిస్ థామస్ ఈ రెండు తీర్పుల్లోనూ మెజారిటీ వైపే ఉన్నారు.