సవరణ: ఆంప్లిఫైయర్ మోతకు ఎర్త్ పిన్ పీకొద్దు

స్టీరియోలో గుయ్యిమనే మోత వస్తే ఎర్త్ లూప్ (రెండు చోట్ల ఎర్త్ అయిన వైర్ల మధ్య కరెంటు తిరగడం) కావచ్చని, ప్లగ్గు ఎర్త్ పిన్ తీసి చూస్తే తేలుతుందని పోయిన పోస్టులో ఉంది. ఆ రెండో మాట కొట్టేసి చదవండి. హన్మకొండ నుంచి ఒకాయన పిన్ తీసేసి అట్లనే నడిపిస్తున్నానని రాసిండు, అందుకే ఈ సవరణ. పిన్ లేకుంటే మోత ఆగొచ్చు. లోపల ఫేజు వైరు బాడీకి తగిలిన రోజున మాత్రం ఆ ఇనుప డబ్బా మీదికి 230 వోల్టులు వస్తాయి.

లూప్ సంగతి తేల్చడానికి స్విచ్ ఆపి, ఇన్‌పుట్ వైర్లన్నీ పీకి, మళ్లీ ఆన్ చేయండి. మోత పోయిందంటే అది బయటి నుంచి వస్తున్నదే. ఒక్కో వైరు తిరిగి పెడుతూ పోతే దొంగ దొరుకుతుంది. నా అనుమానం ముందుగా సెట్‌టాప్ బాక్సుకొచ్చే కేబుల్ టీవీ వైరు మీదే. దాని ఎర్త్ వేరు, ఇంటి ఎర్త్ వేరు. టీవీ, ఆంప్లిఫైయర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే ఆడియో వైరు మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (పాటను దాటనిచ్చి, రెండు ఎర్త్‌లు కలవకుండా ఆపేది) వేయించండి.

వైర్లన్నీ పీకి, వాల్యూమ్ సున్నా చేసినా మోత ఆగలేదా? పవర్ సప్లయ్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు (కరెంటులో ఒడుదొడుకులు తగ్గించేవి) ఎండిపోయి ఉండొచ్చు. వాటి మోత సాధారణంగా 100 హెర్ట్జ్, లూప్‌ది ఎక్కువగా 50. ప్లగ్గు పీకినా వాటిలో చార్జి మిగిలే ఉంటుంది, కాబట్టి ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.

ఫ్యాన్ స్పీడు తగ్గించినప్పుడే జుయ్యిమంటే ఆంప్లిఫైయర్ జోలికే పోవద్దు, రెగ్యులేటర్ మార్చండి.