ఆషాఢంలో రండి సారూ: రాబోయే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక డీటీపీ ఆపరేటర్ ఉత్తరం

హనుమకొండ

మహారాజశ్రీ రాబోయే ఆపరేటింగ్ సిస్టమ్ గారి సముఖమునకు, చౌరస్తా దగ్గరి సందులో పెండ్లి పత్రికలు కంపోజ్ చేసుకొని బతికే ఒక డీటీపీ ఆపరేటర్ నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. తమరు అక్కడ బీటాలో, అంటే విడుదలకు ముందు పరీక్షల దశలో, క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

పైన తమరి పేరు రాయలేదు, ఏమీ అనుకోకండి. విండోస్ 8 తర్వాత 9ని మింగేసి 10 అన్న వంశం మీది. అలాంటి ఇంట్లో పుట్టబోయే బిడ్డకు నేను ముందే పేరు ఊహించి కార్డు కొట్టిస్తే, రేపు ప్రూఫ్ తప్పు నా నెత్తిన పడుతుంది.

తమరు వస్తున్నారని విన్నప్పటి నుంచి మా సందులో ఒకటే టెన్షన్. పక్క జిరాక్స్ షాపు తమ్ముడు మాత్రం మహా సంబరంగా ఉన్నాడు. ఫోన్‌లో ఏవో బొమ్మలు చూపించి, "అన్నా, మూలలు ఎంత గుండ్రంగ ఉన్నయో చూడు, అద్దంల నుంచి చూసినట్టే ఉన్నది" అన్నాడు. చూశాను, మస్తుంది. "రంగు సంగతి తర్వాత తమ్మీ, మా ఇంట్ల ఉన్న ముసలాయనతోని పడుతదా లేదా చెప్పు" అన్నాను. వాడి దగ్గర జవాబు లేదు. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

ఆ ముసలాయన పేరు పేజ్‌మేకర్, పేజీలు కంపోజ్ చేసే సాఫ్ట్‌వేర్. 1985లో ఆల్డస్ అనే కంపెనీలో పుట్టాడు. 1994లో అడోబీ ఇంటికి దత్తత వెళ్లాడు. 2001లో 7.0 అనే ఆఖరి అంగీ తొడుక్కున్నాడు. 2004కల్లా, ఇక ఆయనకు కొత్త బట్టలు కుట్టేది లేదని ఇంటివాళ్లే చెప్పేశారు. లోకమంతా దినాలు చేసి మరిచిపోయింది. మా షాపులో మాత్రం ఆయన పొద్దున తొమ్మిదింటికి లేచి డ్యూటీకి వస్తున్నాడు. పెండ్లి కార్డు కానీ, దశదిన కర్మ కార్డు కానీ, ట్యూషన్ పాంప్లెట్ కానీ, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం బిల్ బుక్ కానీ, ఏదైనా ఆయన చేతుల మీదుగా వెళ్లాల్సిందే.

ఇరవై ఏళ్లు దాటిన సాఫ్ట్‌వేర్‌ను ఇంకా పట్టుకొని ఎందుకు వేలాడుతున్నావని అడుగుతారేమో. మా అక్షరాల గుట్టు చెప్తాను, బయట అనకండి. మా పాత ఫాంట్లలో అసలు తెలుగు ఉండదు. ఫాంట్‌లో గదులు 256. అవి కట్టించింది ఇంగ్లిష్ వాళ్ల కోసం. వాటిలో కొన్ని కంప్యూటర్ సొంత పనులకే పోతాయి. మిగిలిన వాటిలో తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు అన్నీ ఇరుక్కోవాలి. పరీక్షల కాలంలో హాస్టల్ గదిలో ఒకరి పేరు మీద ఇంకొకరు ఉన్నట్టు, డాలర్ గుర్తు పేరు మీద ఒక వత్తు, టోపీ పెట్టుకున్న ఇంగ్లిష్ 'ఏ' పేరు మీద ఒక కొమ్ము కాపురం చేస్తుంటాయి. ఫాంట్ ఉన్నంతసేపు అది శుభలేఖ. ఫాంట్ పోయిందా, వధూవరులు ఇద్దరూ డాలర్లూ టోపీలూ అయిపోతారు.

మరి యూనికోడ్ లేదా అంటారు. ఎందుకు లేదు? 1991లోనే తెలుగుకు సొంత నంబర్లు ఇచ్చారు. 'అ' అంటే 3077, 'క' అంటే 3093. ఏ దేశం కంప్యూటర్‌లోనైనా అంతే, ఎవరి గదిలోనూ దొంగచాటుగా ఉండక్కర్లేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంట్ ఊరికే వచ్చింది. కానీ మా ముసలాయనకు యూనికోడ్ రాదు, నేర్చుకునే వయసూ కాదు. కాబట్టి మేం ఒక ఉపాయం కనిపెట్టాం. గిరాకీ వాళ్లు వాట్సాప్‌లో మేటర్‌ను శుభ్రమైన యూనికోడ్ తెలుగులో పంపిస్తారు. మేం దాన్ని కన్వర్టర్‌లో వేసి, పాత డాలర్ల తెలుగులోకి దించి, దించినప్పుడు ఊడిన వత్తులు చేత్తో అతికించి, ఆ కష్టానికి పేజీకింత అని తీసుకుంటాం. ముందుకు పోయే బండిని వెనక్కి నెట్టి కిరాయి వసూలు చేసే వ్యాపారం ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు.

ఇక పొంతనల సంగతి. కొత్త సిస్టమ్‌కు మన కంప్యూటర్ సరిపోతుందో లేదో చూసే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది కదా, అదే మాకు పంతులు. 2021 అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చినప్పుడు మా కంప్యూటర్‌ను ఆ పంతులు ముందు కూర్చోబెట్టాను. ర్యామ్ 4 జీబీ ఉండాలన్నాడు, మాకు 8 ఉంది. డిస్కు 64 జీబీ ఉండాలన్నాడు, బోలెడుంది. అంతా కుదిరిందనుకొని స్వీట్లు తెప్పించబోతుంటే టీపీఎం 2.0 ఉందా అన్నాడు. తాళంచెవులు దాచుకునే భద్రతా చిప్పట. పైగా ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే సంబంధం కలుపుకుంటారట, మాది ఆరో తరం. ఇటు ఏడు తరాలు అటు ఏడు తరాలు చూసి పిల్లనివ్వాలని మా పెద్దలు చెప్పారు. ఈ ఎనిమిదో తరం పట్టింపు ఏ శాస్త్రంలో ఉందో మా నిజం పంతులుగారికీ తెలియదు. తప్పు మాదేలెండి, తక్కువ తరంలో పుట్టాం. విండోస్ 10తోనే సర్దుకున్నాం. 2025 అక్టోబర్ 14న దానికీ మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంకో ఏడాది కావాలంటే విడిగా పేరు నమోదు చేసుకోవాలన్నారు. పింఛన్ లైనులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినట్టు అదీ చేశాను.

ఇంకో చిక్కు ఉంది. 64-బిట్ సిస్టమ్‌లో 32-బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి, అంతకంటే పాతకాలం 16-బిట్‌వి నడవవు. సరే అనుకుంటే, కొన్ని పాత సాఫ్ట్‌వేర్లలో అసలు ప్రోగ్రాం 32, దాన్ని ఎక్కించే సెటప్ మాత్రం 16. పెండ్లికొడుకు లోపలికి రావచ్చు, ఆయన కూర్చున్న బండికి మాత్రం గేటు తీయరన్నమాట.

డాంగిల్ గురించి కూడా చెప్పాలి. మా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు అదే తాళం. అగ్గిపెట్టెంత డబ్బా, 25 సూదుల పాత ప్రింటర్ పోర్టులోనే పడుతుంది. ఇప్పుడొచ్చే కంప్యూటర్లకు ఆ పోర్టే ఉండదు. దసరాకు మెషీన్లన్నిటికీ బొట్టు పెడతాం, దానికి మాత్రం నిమ్మకాయ కూడా కడతాం. తమరి హయాంలో కూడా అది పలికితే మేడారం వెళ్లి సీపీయూ నిలువెత్తు బంగారం సమర్పిస్తానని సమ్మక్క తల్లికి మొక్కుకున్నాను. తమరిది ఈ ప్రాంతం కాదు కనుక చెప్తున్నా, మేడారంలో బంగారమంటే బెల్లం. జాతర రెండేండ్లకోసారి వస్తుంది. మీ అప్‌డేట్లు నెలనెలా రెండో మంగళవారం వస్తాయి. ప్రతి దానికీ మొక్కాలంటే అంత బెల్లం తూగలేను.

మీ ఇంట్లో నాకు నచ్చిందల్లా కంపాటబిలిటీ మోడ్ ఒక్కటే. మా తాత మంచం పట్టిన తర్వాత రోజూ సాయంత్రం ఒకటే అడిగేవాడు, "హాలీ సిక్కా ఇంక నడుస్తున్నాదిరా?" అని. నైజాం పైసలు చెల్లక అప్పటికే ఏండ్లు గడిచాయి. "నడుస్తున్నది తాతా" అనేవాళ్లం. నిమ్మళంగా పడుకునేవాడు. మీ మోడ్ చేసేదీ అదే. పాత సాఫ్ట్‌వేర్ లేచి ఇది ఏ వెర్షన్ అని అడిగితే, "ఎక్స్‌పీయే తాతా, నువ్వు పని చేసుకో" అంటుంది. టెక్నాలజీలో ఇంత దయగల అబద్ధం ఇంకోటి చూడలేదు. తమరు కూడా ఆ అబద్ధం మానొద్దు.

ప్రాజెక్టు రిపోర్టుల బైండింగ్‌కు వచ్చే ఎన్ఐటీ పిల్లవాడు ఒకడు నాకు చాలా సలహాలు ఇచ్చాడు. లినక్స్ అనే వేరే సిస్టమ్ వేసుకో అన్నాడు. వర్చువల్ మెషీన్ పెట్టుకో, కొత్త ఇంట్లోనే పాత ఇల్లు కట్టుకున్నట్టు అన్నాడు. అడోబీ వాళ్లదే కొత్త ప్రోగ్రాం ఇన్‌డిజైన్‌కు మారిపో, దాని సీఎస్6 వెర్షన్ నుంచి తెలుగు సరిగ్గానే పడుతుంది అన్నాడు. అన్నీ నిజమే. "కొనాలె గదా తమ్మీ" అంటే, "మరి పేజ్‌మేకర్ కొన్నవా అన్నా?" అని అడిగాడు. మా పేజ్‌మేకర్ సీడీ మీద కంపెనీ బొమ్మ ఉండదు. నల్ల మార్కర్‌తో "పీఎం 7, ఫాంట్స్, దేవుళ్ల బొమ్మలు" అని రాసి ఉంటుంది. అప్పటి నుంచి వాడికి బైండింగ్‌లో పది రూపాయలు తగ్గిస్తున్నాను.

అన్నిటికంటే గట్టి దెబ్బ నాకు క్రావడి, అంటే ర వత్తు, దగ్గర తగిలింది. కొన్నేళ్ల కింద షాపులో సిస్టమ్ మార్చాం. ఎవరిది, ఏ నంబరు అన్నది ఇప్పుడు వద్దు. ముసలాయన లేచాడు, ఫాంట్లు తెరుచుకున్నాయి, తెలుగు తెలుగులాగే కనబడింది. కొబ్బరికాయ కొట్టాను. ఆ వారమే పర్వతగిరి వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి బిడ్డ పెండ్లికి 500 కార్డులు చెప్పాడు. కంపోజ్ చేసి ప్రూఫ్ చేతికిచ్చాను. ఆయన అద్దాలు పెట్టుకొని పైకే చదివాడు: "పతి ఒక్కరు విచ్చేసి... బంధుమితుల అభినందనలతో..." మంచిగున్నది, కొట్టెయ్ అన్నాడు. నేను కూడా పక్కనే నిలబడి విన్నాను. నాకూ మంచిగానే ఉంది. కార్డులు దిగాయి, పసుపు పెట్టుకున్నాయి, సగం ఊళ్లకు పంచేశారు.

మూడో రోజు పెండ్లికొడుకు మేనమామ వచ్చాడు. తెలుగు సారు. జేబులో ఎర్ర పెన్ను. "బాబూ, కార్డు మొత్తంలో క్రావడి ఒక్కటీ లేదు, ఎక్కడికి పోయింది?" అన్నాడు. చూస్తే నిజమే. 'ప్రతి' పోయి 'పతి', 'బంధుమిత్రులు' పోయి 'బంధుమితులు'. శ్రీరస్తు ఒక్కటే బతికింది, ఎందుకంటే మా ఫాంట్‌లో 'శ్రీ'కి సొంత గది ఉంది. "బంధుమితులు అంటే ఏమిటి, లెక్కపెట్టి పిలిచిన బంధువులా?" అన్నాడాయన. పిల్ల తండ్రికి, నాకు ఎందుకు కనబడలేదంటే, మేమిద్దరం మాట్లాడేదే అట్లా: పతి ఒక్కడు, పభుత్వం, చందన్న. నోట్లో లేని వత్తును కన్ను వెతకలేదు.

తర్వాత తేలింది. మా ఫాంట్‌లో క్రావడి కాపురం ఉన్నది 173వ గదిలో. కొత్త లెక్కల్లో 173 అంటే లైను చివర విరిగితే తప్ప కనబడకూడని హైఫన్. సిస్టమ్ ఎంతో మర్యాదగా దాన్ని కనబడకుండా దాచింది. ప్రోగ్రాం తెరుచుకుంది కాబట్టి ఎవరిని అడిగినా కంపాటబుల్ అనే అంటారు. ఎర్రర్ రాలేదు, వార్నింగ్ రాలేదు. 500 కార్డులు నా సొంత ఖర్చుతో మళ్లీ కొట్టాను. పాత కార్డులు అందినవాళ్లలో ఎవరెవరు అలిగి పెండ్లికి రాలేదో అడిగే ధైర్యం చేయలేదు.

ఇదంతా విని నాకు కొత్తంటే పడదని అనుకోకండి. అప్‌డేట్లు నాకు అన్నం పెట్టాయి. 2016లో ఒక్క వరంగల్ జిల్లాను ఐదు చేశారు. 2021లో వరంగల్ అర్బన్‌ను హనుమకొండ చేసి, రూరల్‌ను వరంగల్ చేశారు. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. ప్రతిసారీ లెటర్‌హెడ్లు, రబ్బరు స్టాంపులు, బిల్ బుక్కులు, విజిటింగ్ కార్డులు, నెలల తరబడి గిరాకీ. ఆ అప్‌డేట్లలో జిల్లా మారింది కానీ ఏ ఒక్కరి ఇంటిపేరులో వత్తు ఊడిపోలేదు. నేను మీ నుంచి కోరేదీ అంతవరకే. మూలలు గుండ్రంగా చేసుకోండి, చదరంగా చేసుకోండి, స్టార్ట్ బటన్‌ను నడిమిట్ల పెట్టుకోండి, నాకేం పట్టింపు లేదు. 173వ గది తలుపు మాత్రం తట్టకండి.

ఇక విడుదల తేదీ. మీ వంశం వాళ్లకు అక్టోబర్ అంటే ప్రాణం. ఎక్స్‌పీ, 7, 8, 11 అన్నీ ఆ నెలలోనే. మాకు అది దసరా, బతుకమ్మ, ఆ వెంటనే కార్తీకం పెండ్లిళ్లు. చేతిలో ఇరవై పత్రికలు పెట్టుకొని సిస్టమ్ మార్చుకునే మొనగాడు ఈ సందులో ఎవడూ లేడు. మాఘం వద్దు, వైశాఖం అస్సలు వద్దు. ఆషాఢం మొదటి పదిహేను రోజుల్లో రండి. పున్నమి దాటితే మళ్లీ శ్రావణం కార్డులు మొదలవుతాయి. ఆ పదిహేను రోజులూ మా భద్రకాళమ్మ గుడిలో శాకంబరి ఉత్సవాలు జరుగుతాయి. పొద్దున్నే దర్శనం చేసుకొచ్చి, డాంగిల్‌కు నిమ్మకాయ మార్చి, ఇన్‌స్టాల్ బటన్ నొక్కుతాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
32-బిట్ డీటీపీ ఆపరేటర్

తాజా కలం: ఈ ఉత్తరం మా ముసలాయన చేతనే కంపోజ్ చేయించాను. తమరి దగ్గర తెరిస్తే డాలర్లూ, టోపీ పెట్టుకున్న ఏలూ కనబడవచ్చు. తిట్టాననుకోకండి, అది తెలుగే.